నైరుతిలో రుబ్బురోలు

రోజు 201. తూలుడు: రెండు వేళ్ళు.

ఈ పుస్తకంలో రోజుకి రెండు గడులు, వాటి కింద కాస్త ఖాళీ. మొదటి గడిలో ఊరి మొత్తం బరువు రాయాలి, రెండో గడిలో తూలుడు. ఖాళీ పైన ‘విశేషాలు’ అని అచ్చువేసి ఉంది. నాకంటే ముందు దీన్ని రాసినాయన పదకొండేళ్ళలో ఆ ఖాళీలో రాసింది ఒకే మాట: లేవు. ఇవాళ్టి నుంచి పుస్తకం నాది. భౌతికశాస్త్రంలో ఊరి మొత్తానికి మూడో ర్యాంకు నాది (రాసింది ఐదుగురం). పదకొండేళ్ళపాటు విశేషాలు లేకుండా బతకడం నా వల్ల కాదు.

మాది చక్రం ఊరు. ఆకాశంలో తిరుగుతూ ఉంటుంది. తిరుగుతోంది కాబట్టి మాకు బరువుంది, బరువుంది కాబట్టి చారు గిన్నెలో ఉంటుంది. అంచు పొడవునా గడియారం మీద అంకెల్లా పన్నెండు వాడలు. నడిమధ్య ఇరుసు, ఇరుసులో రేవు. బయటి నుంచి వచ్చే ఓడలు అక్కడే ఆగాలి. ఒక వాడలో బరువు పెరిగితే చక్రం ఇరుసు చుట్టూ తిరగడం మానేసి, ఆ బరువు వైపు కాస్త జరిగిన చోటు చుట్టూ తిరుగుతుంది. అప్పుడు పాపం ఇరుసే గిరగిరా సున్నాలు చుట్టాలి. ఆ జరుగుడుకే మేం పెట్టుకున్న పేరు తూలుడు. యంత్రం మిల్లీమీటర్లలో చెబుతుంది గానీ, ఊళ్ళో మిల్లీమీటరంటే ఎవరికీ భయం లేదు, అందుకని వేళ్ళలో, జానల్లో, మూరల్లో రాస్తాం. తూలినప్పుడల్లా ఎదురు వాడ ట్యాంకులోకి నీళ్ళు తోడి సరిచేయడం మా తూకం ఆఫీసు పని.

విశేషం: ఇవాళ ఒక్కరోజే పదకొండు వందల నలభై అర్జీలు పరిష్కరించాను. అన్నీ ఒకే రకం. మా ఇంటి నిల్వ నీటి పీపాను రెండో వాడ గోదాముకి మార్చుకోనివ్వండి. కారణం గడిలో ఒకే కారణం: ఊరికి రెండో వాడ ఈశాన్యం, ఈశాన్యంలో నీళ్ళుంటే మంచిది. ఆ వాక్యం ఐదోసారి చదివాక మిగతావి చదవడం మానేశాను. నిర్ణయం గడిలో గుండ్రటి అక్షరాలతో ‘అశాస్త్రీయం’ అని రాసుకుంటూ పోయాను. నాలుగు వందలు దాటాక విసుగొచ్చి చివరి సున్నాకి చిన్న తోక పెట్టడం మొదలెట్టాను. మా ఆఫీసరు పరంధామయ్య గారు తలెత్తకుండా అన్నిటి మీదా సంతకాలు పెట్టేశారు.

“చక్కగా ఉందమ్మా వకుళా నీ రాత,” అన్నారు.

ఈ ఊళ్ళో సైన్సు ఇంకా బతికుందనిపించింది.

రోజు 209. తూలుడు: బెత్తెడు.

నేనూ, అన్నయ్యా, మాణిక్యం వదినా ఐదో వాడలో ఉంటాం. అన్నయ్య ఇరుసు రేవులో ఓడల తాళ్ళు కడతాడు. ఇవాళ భోజనాల దగ్గర అన్నాడు: “రేవు కదులుతోందే. సరుకులోడ మూతి పెట్టేసరికి మా గుమ్మం బెత్తెడు పక్కకి పోయింది.”

ఎందుకో నాకు తెలుసు. విశ్వపతి సిద్ధాంతి గారని నాలుగో వాడలో ఒక పెద్దాయన ఉన్నారు. ఇంటికి నైరుతి మూల బరువుండాలని జనం ఎప్పటి నుంచో అనుకునేదే. ఎవరింట్లో వాళ్ళు బీరువా ఆ మూలకి జరుపుకున్నంతకాలం ఊరికేం నష్టం లేదు, చుట్టూ సమానంగానే ఉంటుంది. ఈయన ఈమధ్య సభలో ఊరికి కూడా నైరుతి ఉంటుందని, అది ఎనిమిదో వాడని చెప్పారట. అప్పటి నుంచి జనం అక్కడ గోదాముల్లో గదులు తీసుకుని, ఇంట్లో బరువైనదల్లా మోసుకెళ్ళి పెడుతున్నారు. ఇనప్పెట్టెలు, తిరగళ్ళు, వాడని కుట్టుమిషన్లు.

వదిన ఎవరి వైపూ చూడకుండా పప్పు వడ్డిస్తోంది. గట్టు మీద రుబ్బురోలు ఉండాల్సిన చోట గుండ్రటి మరక ఉంది.

“వదినా, రోలేది?”

“కడుపుతో ఉన్నదాన్ని. నా బిడ్డ మంచి కోసం నేనేదో చేసుకుంటాను. నీకు మిక్సీ ఉందిగా.”

“అంత బరువు నువ్వెలా మోశావు?”

“మీ అన్నయ్య మోశారు.”

అన్నయ్య మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

“నీళ్ళ పీపా కూడా రెండో వాడకి మారుద్దామని అర్జీ పెట్టాను,” అంది వదిన. “మీ ఆఫీసులో ఎవరో తలపొగరుది అశాస్త్రీయమని రాసి పంపింది. ఎవరే ఆవిడ?”

“చాలామంది ఉంటారు వదినా,” అని అన్నం కలుపుకున్నాను. ఆఫీసులో ఉన్నది పరంధామయ్య గారూ నేనూ.

రోజు 214. తూలుడు: జానెడు.

రెండో వాడ ట్యాంకు మూతదాకా నిండింది. ఇక తోడడానికి చోటు లేదు. జనానికి నచ్చజెప్పి సామాన్లు వెనక్కి తెప్పించాలని నేనే ముందుకొచ్చి మహిళా సంఘంలో ప్రదర్శన పెట్టాను. బొంగరం తిప్పాను. నిటారుగా తిరిగింది. తర్వాత దానికి ఒక పక్క చపాతీ పిండి ముద్ద అంటించి తిప్పాను. వణికిపోతూ బల్లంతా తిరిగి కింద పడింది.

“చూశారా? ఆ ముద్దే మన ఎనిమిదో వాడ.”

ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ అడిగింది: “ముద్ద ఏ దిక్కున అంటించావమ్మా?”

“దిక్కేముందండీ, ఒక పక్కన.”

“అదీ సంగతి. దిక్కు చూసుకుని అంటించాల్సింది.”

అందరూ తలలాడించారు. చివర్లో నాకు కొబ్బరి ఉండలు పెట్టి, మంచి ఆట చూపించావని మెచ్చుకుని పంపారు.

రోజు 219. తూలుడు: మూరెడు.

రెండు మూరలు దాటితే ఇరుసు బేరింగులు తట్టుకోవు. చక్రం ఆపాల్సిందే. ఆపితే బరువు పోతుంది, చారు గాల్లో తేలుతుంది. అంతా సర్ది మళ్ళీ తిప్పడానికి నలభై రోజులు.

శాస్త్రం వినని వాళ్ళు పుకారు వింటారని తోచింది. కూరగాయల దుకాణంలో, లిఫ్టులో, మంగలి షాపు బయట, మూడు చోట్ల మూడు గొంతులతో ఒకే మాట వదిలాను: ఎనిమిదో వాడ గోదాముల్లో దొంగలు పడుతున్నారట.

మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. సాయంత్రానికి జనం ఎనిమిదో వాడకి బారులు తీరారు. సామాన్లు తెచ్చుకోవడానికి కాదు, వాటిని దాచడానికి ఇనప బీరువాలు మోసుకుని. ఒక్కో తాళంకప్ప నా అరచేయంత. పొద్దున జానెడుంటే ఇప్పుడు మూరెడు. ఈ రెంటికీ మధ్య ఉన్నది పూర్తిగా నా తెలివితేటలే. విశేషాల కింద ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను.

ఇంకొకటి కూడా. ఎనిమిదో వాడలో ఉండేవాళ్ళు, సామాన్లన్నీ అక్కడ చేరాక ఒళ్ళు తేలికైందంటున్నారు. నిజమే, తగ్గింది. చక్రం తిరిగే నడిమధ్య వాళ్ళ వైపే జరిగింది కాబట్టి వాళ్ళకి దూరం తగ్గింది, దూరంతో పాటు బరువూ తగ్గింది. ఎంత అంటే, అరవై కిలోల మనిషికి ఒక నిమ్మకాయంత. ఆ నిమ్మకాయకే ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు పోయాయట, ఒకాయనకి గురక తగ్గిందట. ఊరిని పడేస్తున్న లెక్కే వాళ్ళకి రుజువైపోయింది. న్యూటన్‌కి ఇలాంటి పక్కింటివాళ్ళు ఉండుంటే ఆయన కూడా జాతకాలు రాసుకుని బతికేవాడు.

రోజు 223. తూలుడు: మూరన్నర.

చక్రసభ కూడింది. సామాన్లు తీసేయమని ఆజ్ఞ ఇవ్వమన్నారు పరంధామయ్య గారు. సభకి రెండు నెలల్లో ఎన్నికలు. అధ్యక్షురాలి ఇనప్పెట్టె ఎనిమిదో వాడలోనే ఉంది, ప్రతిపక్షం వాళ్ళ ఇనప్పెట్టె దాని పక్క గదిలో ఉంది. ఆ ఒక్క విషయంలో సభ ఏకగ్రీవంగా నోరు మూసుకుంది.

ఆజ్ఞ వేరేది వచ్చింది. రెండు వందల ఇరవై తొమ్మిదో రోజున, అంటే ఇంకో ఆరు రోజుల్లో సరుకులోడ వస్తుంది. అప్పటికి తూలుడు మూరెడుకి దిగకపోతే చక్రం ఆపేస్తారు. బరువు లేని చోట కాన్పులు చేయరు కాబట్టి ఊళ్ళో నెలలు నిండుతున్న ఐదుగురినీ అదే ఓడలో చంద్రుడి మీది ఆసుపత్రికి పంపిస్తారు. అక్కణ్ణుంచి మళ్ళీ ఇటొచ్చే ఓడ ఏడు నెలలకి. తోడు వెళ్ళడానికి చోటు లేదు.

జాబితాలో నాలుగో పేరు: మాణిక్యం, ఐదో వాడ.

వదిన ఆ కాగితం రెండుసార్లు చదివి మడిచి, కుర్చీ కోడు కింద పెట్టింది. మా ఇంట్లో నేల ఈమధ్య కొంచెం ఒరిగి ఉంటోంది, కుర్చీ ఊగుతోంది.

“ఏడు నెలలా,” అంది. “అప్పటికి వాడికి పళ్ళొస్తాయి. మీ అన్నయ్యని చూసి ఎవరీయన అంటాడు.”

“రోలు వెనక్కి తెచ్చేద్దాం వదినా.”

“నా ఒక్క రోలు తెస్తే ఆగుతుందా?”

ఆగదు. నేనా మాట అనలేదు, తనకి తెలిసిపోయింది.

“పద,” అంది లేస్తూ. “ఆ సిద్ధాంతి గారినే అడుగుదాం. బరువు పెట్టమన్నాయనే తియ్యమంటే జనం తీస్తారు. నువ్వు మాత్రం బొంగరం తేకు.”

రోజు 224. తూలుడు: మూరన్నర, రెండు వేళ్ళు.

సిద్ధాంతి గారు గుమ్మంలో చాప వేసుకుని గోరుచిక్కుడుకి ఈనెలు తీస్తున్నారు. నేను దారి పొడవునా ఆయన్ని కడిగేయాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకుని వెళ్ళాను. ఆయన చెరో గుప్పెడు కాయలు మా ముందు పోశారు.

“కూర్చోండమ్మా. చేతులు ఖాళీగా ఉంటే కోపం ఎక్కువవుతుంది.”

“ఊరికి నైరుతి ఉందని ఎందుకు చెప్పారండీ మీరు?” అన్నాను.

“అడిగారమ్మా. తిరిగే ఊరికి దిక్కులెక్కడివయ్యా అని ఎకసెక్కాలాడారు. సరే, మూడో వాడ తూర్పు అనుకుందాం, అప్పుడు ఎనిమిది నైరుతి అవుతుందన్నాను. ‘అనుకుందాం’ అన్న ముక్క సభలోనే వదిలేసి మిగతాది ఇళ్ళకి పట్టుకెళ్ళారు.”

“ఇప్పుడు తీసేయమని చెప్పండి.”

“చెప్పి చూశాను. నాకు మతి తప్పిందన్నారు. పెట్టమంటే విన్న చెవులు తియ్యమంటే వింటాయా?” ఒక కాయ విరిచారు. “ఆరోజు నేను చెప్పింది రెండు మాటలు. నైరుతిలో బరువు, ఈశాన్యంలో నీళ్ళు. నువ్వు తూకం ఆఫీసు పిల్లవి కదూ. ఎనిమిదో వాడకి సరిగ్గా ఎదురేది?”

“రెండు.”

“నీళ్ళకి బరువుందా?”

నా చేతిలో కాయ చేతిలోనే ఉంది. ఇంటికి అరవై లీటర్ల నిల్వ పీపా. ఒకప్పుడు పైపు పగిలి మూడు రోజులు ఊరు దాహంతో అల్లాడినప్పటి నుంచీ, ఇంటివాళ్ళు తమంతట తాము అడిగితే తప్ప దాన్ని ఎవరూ కదపకూడదని చట్టం. అందుకే మేమెప్పుడూ ఆ నీళ్ళని లెక్కలోకి తీసుకోలేదు. పదకొండు వందల నలభై ఇళ్ళవాళ్ళు తమంతట తామే అడిగారు. అరవై కిలోల చొప్పున అరవై ఎనిమిది టన్నులు. తూలుడుని మూరన్నర మేర వెనక్కి లాగేస్తుంది.

“మీకు తెలిసే చెప్పారా?”

“ముప్పై ఏళ్ళు మీ ఆఫీసు పంపులు తిప్పానమ్మా. ఒక పక్క పెడితే రెండో పక్క పెట్టాలని తెలీకుండా చెబుతానా? జనం అడిగారు కూడా. మీవాళ్ళు వెనక్కి పంపారు.” లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చారు. ఆయన సొంత అర్జీ. “రాత మాత్రం ముత్యాలే.”

వదిన ఆ కాగితం అందుకుంది. చాలాసేపు చూసింది.

“ఈ సున్నాకి తోక,” అంది నెమ్మదిగా, “మా సరుకుల చీటీలో ఉంటుంది. ఉల్లిపాయల దగ్గర.”

నేను గోరుచిక్కుళ్ళన్నిటికీ ఈనెలు తీసేశాను. సిద్ధాంతి గారివీ తీశాను. తిరిగొచ్చేటప్పుడు వదిన నాకంటే పది అడుగులు ముందు నడిచింది. మా గుమ్మం దగ్గర ఆగి అంది: “తలపొగరుది అన్నాను కదా ఆవేళ. తక్కువన్నాను.”

రోజు 225. తూలుడు: రెండు మూరలకి నాలుగు వేళ్ళు తక్కువ.

పొద్దున్నే అర్జీల కట్టలన్నీ పరంధామయ్య గారి బల్ల మీద పెట్టి సంగతి చెప్పాను. లెక్క ఆయనకి రెండు నిమిషాల్లో అర్థమైంది. సంతకం దగ్గరకొచ్చేసరికి కలం మూత పెట్టేశారు.

“లెక్క సరే. కారణం గడిలో వాస్తు అని ఉంది కదమ్మా. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు. తూకం ఆఫీసు వాస్తు కోసం నీళ్ళు కదిపిందని రికార్డులో ఉండిపోతుంది. మళ్ళీ అర్జీలు పెట్టించు, సరైన కారణం రాయమను.”

“మళ్ళీ రాయించాలంటే పది రోజులు పడుతుంది సార్. ఓడ నాలుగు రోజుల్లో వస్తుంది.”

“నియమం నియమమే.”

అప్పుడు కట్టలోంచి నాలుగు వందల పదిహేడో అర్జీ తీసి ఆయన ముందు పెట్టాను. రాత్రంతా గింజుకుని వెతికిందేం కాదు, కట్ట కట్టేటప్పుడు పైకి జారింది. అర్జీదారు పేరు అన్నపూర్ణేశ్వరి, భర్త పేరు పరంధామయ్య, ఒకటో వాడ.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. పేరు మారలేదు.

“దీని మీద కూడా అశాస్త్రీయమని రాశావా?”

“మీరు సంతకం కూడా పెట్టారు సార్.”

“అందుకా,” అన్నారు, “మూడు వారాలుగా మా ఇంట్లో చారులో ఉప్పుండడం లేదు.” గొంతు తగ్గించి, “బీరువా కూడా ఎనిమిదో వాడకి పంపించానమ్మా. ఇంట్లో ప్రశాంతత కోసం,” అన్నారు.

ఒప్పందం కుదిరింది. కారణం గడి జోలికి పోము, వాళ్ళ కారణం వాళ్ళది. నిర్ణయం గడిలో నా పాత మాట కొట్టేసి దాని కింద మా కారణం రాయాలి: ‘మంజూరు. ఎదురు బరువు అవసరం.’ ఎవరు రాశారో వాళ్ళే కొట్టేయాలన్నారు ఆయన. పదకొండు వందల నలభై సార్లు. తోకలతో సహా.

రోజు 226. తూలుడు: రెండు మూరలకి మూడు వేళ్ళు తక్కువ.

కుడిచేయి వాచింది, ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. మంజూరైన సంగతి తెలిసి ఊరు పండగ చేసుకుంటోంది. అందరూ పీపాలతో ఎనిమిదో వాడలో కలుసుకుని, సామాన్లకి బొట్టు పెట్టి, అక్కణ్ణుంచి మేళతాళాలతో రెండో వాడకి ఊరేగింపుగా వెళ్దామని తీర్మానించారు.

పదకొండు వందల నలభై కుటుంబాలు. పీపాలతో సహా. ఎనిమిదో వాడలో. ఒకేసారి.

పరుగున సిద్ధాంతి గారింటికి వెళ్ళాను. “అందరికీ ఒకే ముహూర్తం పెట్టకండి. ఎనిమిదో వాడలో అసలు కలవనివ్వకండి. రెండో వాడలోనూ అందరూ ఒకేసారి వద్దు, అటు తూలుతుంది. కొద్దికొద్దిగా, ఎవరింటి నుంచి వాళ్ళు.”

“ఎన్ని ముహూర్తాలు కావాలి?”

“ఎన్ని ఇవ్వగలరు?”

“నక్షత్రాలు ఇరవై ఏడు.”

మనసులో భాగహారం చేశాను. విడతకి నలభై రెండు ఇళ్ళు. “సరిగ్గా చాలు.”

ఆయన పంచాంగం తెరవకుండానే నవ్వారు. “మీ కాలేజీలో మనుషుల్ని కదపడం చెప్పరామ్మా?”

“నీళ్ళని కదపడం చెబుతారండి.”

“అదే కష్టమైంది అనుకుంటారు కాబోలు.”

రోజు 228. తూలుడు: కింద చూడండి.

నిన్న పొద్దున అశ్వని వాళ్ళతో మొదలైంది. నేను రెండో వాడ గోదాము గుమ్మంలో బల్ల వేసుకుని నక్షత్రం అడిగి, పీపా లెక్కపెట్టి, వెంటనే వెళ్ళిపొమ్మని బతిమాలుతూ కూర్చున్నాను. భౌతికశాస్త్రంలో మూడో ర్యాంకు వచ్చినదాన్ని, రెండు రోజులుగా ఊళ్ళో అందరి జన్మనక్షత్రాలూ అడుగుతున్నాను. ఎవరికైనా నక్షత్రం తెలియకపోతే ఆ గంటలో పీపాలు తక్కువైన నక్షత్రం చెప్పి పంపించాను. ఒకాయన ఇది మీకెలా తెలుసన్నాడు. ముఖం చూస్తే తెలిసిపోతుందన్నాను.

రోహిణి దాటేసరికి తూలుడు మూడు వేళ్ళు తగ్గింది. మఖ దగ్గర మూరన్నర. చిత్త వాళ్ళు నలభై రెండిళ్ళూ మేళంతో ఒకేసారి వచ్చి, మేళం వాళ్ళకి భోజనాలు పెట్టేదాకా కదలమని కూర్చున్నారు. వాళ్ళని అక్కణ్ణుంచి లేపడం చక్రం తిప్పడం కంటే కష్టమైంది. ఇవాళ మూల గడిచేసరికి మూరెడు. రేవతితో ఆఖరి పీపా గోదాములోకి వెళ్ళింది.

ఆ ఆఖరి పీపా మాది. వదిన నక్షత్రం రేవతి. అన్నయ్య మోసుకొచ్చాడు, వదిన పక్కన నడిచొచ్చింది. నా బల్ల ముందు ఆగి, తెలియనట్టు తన అర్జీ చూపించింది. కొట్టేసిన మాట మీద వేలు పెట్టి, “దీని కింద మంజూరని ఉందండి, చెల్లుతుందా?” అంది.

“చెల్లుతుందండి,” అన్నాను.

సాయంత్రం పరంధామయ్య గారు ఇరుసు దగ్గర నుంచి ఫోన్ చేశారు. తూలుడు: జానెడు. మిగతాది ట్యాంకు నీళ్ళు అటూ ఇటూ చేస్తే సరిపోతుంది. రేపు ఓడ వస్తుంది, సరుకులు దించి ఖాళీగా వెళ్ళిపోతుంది.

ఊళ్ళో అందరూ వాస్తు గెలిచిందంటున్నారు. సిద్ధాంతి గారు నాకొక సంచీడు గోరుచిక్కుళ్ళు పంపారు.

రోజు 252. తూలుడు: ఒక వేలు.

పొద్దున వదినకి మగపిల్లాడు పుట్టాడు. ఏడ్చాడు, ఏడుపు కిందనే ఉంది, ఎటూ తేలిపోలేదు. తూకం ఆఫీసు వాళ్ళం కాబట్టి తాసు నేనే పట్టుకెళ్ళాను. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు.

“రాసుకున్నావా?” అంది వదిన మంచం మీద నుంచి.

ఊరి మొత్తం బరువు గడిలో పుట్టుకలు ఎక్కవు. ఓడ వస్తే తప్ప మా ఊరికి తలుపులు మూసే ఉంటాయి. వీడు ఈ ఊరి బియ్యంతో, ఈ ఊరి నీళ్ళతో తయారైనవాడే. కొత్తగా ఏమీ రాలేదు. అదే చెప్పాను.

“అంటే మీ పుస్తకంలో వీడు సున్నానా?”

“బయటి నుంచి వస్తేనే వదినా కూడడం.”

“తొమ్మిది నెలలు మోసింది నేను. సున్నా మోసినట్టు లేదు నాకు.”

జవాబు తెలుసు. ద్రవ్యరాశి నిత్యత్వం, మొదటి సంవత్సరం, రెండో పాఠం. తాసు మీద వాడు కాళ్ళు ఝాడిస్తుంటే ముల్లు నిలవడం లేదు.

ఆఫీసుకొచ్చి పుస్తకం తెరిచాను. మొదటి గడిలో నిన్నటి బరువు రాసి, దానికి రెండు కిలోల తొమ్మిది వందలు కలిపాను. పుస్తకం పరంధామయ్య గారి బల్ల మీద పెట్టి నా కుర్చీలో కూర్చున్నాను.

ఆయన చదివారు. నా వైపు చూశారు. కలం మూత తీసి, ఆ అంకె పక్కన గుండ్రంగా రాశారు: అశాస్త్రీయం.

దాని కిందే ఇంకో మాట రాసి సంతకం పెట్టారు.

మంజూరు.